కిటికీ వాళ్లది, ఇల్లు నాది

నవంబరు. పెన్నమ్మ తన గట్లు తాను వెతుక్కుంటున్న రాత్రి.
నెల్లూరు ఇరిగేషన్ ఆఫీసు మేడ మీద
మూడు సర్వర్లు, ఒక ఏసీ, నేను.
ఏసీ నీళ్లు కారుస్తోంది, కింద బక్కెట్టు పెట్టాను.
టప్పు టప్పుమని అదొక లెక్క.

ముంపు బొమ్మ గీసే ప్రోగ్రాం బతికేది ఇక్కడ.
దాని కిటికీ మాత్రం
ఎవరు పిలిస్తే వాళ్ల బల్ల మీద తెరుచుకుంటుంది.
సోమశిలలో ఒకటి, సంగంలో ఒకటి,
ఆత్మకూరు ఆర్డీవో ఆఫీసులో రెండు,
కలెక్టరేట్లో ఎన్నో నాకే తెలీదు.
వాళ్లక్కడ వేలు కదిపితే
ఆ కదలిక తీగలెంట పరిగెత్తుకొచ్చి
నా గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికొచ్చి, అడిగి,
జవాబు ఎత్తుకుని మళ్లీ అంత దూరమూ పోవాలి.
ఒక్కరైతే రెప్పపాటు.
ఈ రాత్రి నలభై మంది.

పదకొండింటికే తొక్కిసలాట.
స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ నాడు
ఒక్క రొట్టెకి వంద చేతులు చాచినట్టు.
చెయ్యి ఒకచోట, బాణం గుర్తు ఒకచోట.
నొక్కిన మీట అరనిమిషం తర్వాత నొక్కుకుంటుంది.
రాలేదని మళ్లీ నొక్కుతారు, మళ్లీ,
ప్రతి విసుగూ వరసలో చివర నిలబడే ఇంకో మనిషి.

సంగం నుంచి ఏఈ హైమావతి ఫోను:
"ఏందన్నా ఇది, జొన్నవాడ దాకా గీసి నిలబడిపోయింది.
కిందంతా బూడిద రంగు.
బూడిదంటే నీళ్లు లేవనా, ఇంకా తెలీదనా?"
జవాబు తోచలేదు.
పన్నెండేళ్ల ఉద్యోగంలో
బూడిదకి అర్థం ఎవరూ అడగలేదు.

ఎవరెంత తింటున్నారో జాబితా తెరిచాను.
నీళ్లు కదులుతున్నట్టు కనబడే బొమ్మని
అయిదు కిటికీల్లో ఆడించి
ఎవరో భోజనానికి లేచారు.
ఖాళీ కుర్చీల ముందు వరద
వచ్చి పోతోంది, వచ్చి పోతోంది.
పెద్దసారుది మూస్తే పొద్దున మెమో.
చిన్నవాళ్లది మూస్తే ఏమీ ఉండదు.
భయం దానికే వేసింది.

జాబితాలో మూడో పేరు నాది.
సర్వరు ఎంత బరువు మోస్తోందో
సెకనుకోసారి రంగుల్లో గీసి చూపే నా గ్రాఫు.
బరువెంతో చూద్దామని
బండెక్కి కూచున్నాను ఇంతసేపూ.

ముందు దాన్ని చంపాను.
తర్వాత ఖాళీ కుర్చీలవి, అయిదూ,
ఎవరివో పేర్లు చూడకుండా.
అబద్ధం. చూశాను. చూసే మూశాను.

"బొమ్మొద్దులే అన్నా," అంది హైమావతి,
"అంకెలు చాలు. రంగు నేనేసుకుంటా."
నల్లటి తెర, తెల్లటి అక్షరాలు:
ఊరు, టైము, మీటర్లు.
పూచికపుల్లంత వరస
అందరి కాళ్ల సందున దూరి వెళ్లిపోయింది.

ఆ అంకెలు ఎక్కడ పుడతాయో ఆ రాత్రే తెలిసింది.
బ్యారేజీ మెట్ల మీద పెంచలయ్య,
ఒక చేత టార్చి, ఒక చేత గొడుగు,
గొడుగు తిరగబడ్డాక టార్చి ఒక్కటే.
కొలరాయి మీద పాకుడు అరచేత్తో తుడిచి
నీళ్లు తాకిన గీత చూసి అరుస్తాడు.
ఆమె టైపు చేస్తుంది.
నలభై కిటికీల్లో కనబడే నీలమంతా
ఆయన గొంతు.

రెండున్నరకి దిగువ పల్లెలకి ట్రాక్టర్లు కదిలాయి,
అంకెలు చూసి, బొమ్మ లేకుండానే.

ఆరింటికి వాన తెరిపిచ్చింది.
అప్పుడు మేలుకుంది మూలనున్న తెర.
రాత్రి పదకొండింటికి ఎవరో అడిగిన బొమ్మ
తన వంతు వచ్చిందని తీరిగ్గా,
పైనుంచి కిందికి, ఒక్కో గీతగా నీలమై దిగింది.
అందంగా ఉంది. ఒక్క తప్పూ లేదు.
ఏడు గంటల పాత నది.

బక్కెట్టు నిండి పొర్లుతోంది, చూసుకోలేదు.
ఫోను మోగింది. హైమావతి కాదు.
"సార్, మేడమ్ కుర్చీలోనే నిద్దరబొయ్యింది.
నీళ్లు రెండు గీతలు తగ్గినయ్.
ఎవురికి జెప్పేది?"

నాకు చెప్పు పెంచలయ్యా, అన్నాను,
తడిచేత్తో కాగితం వెతుక్కుంటూ.